మూడు పిలుపులు

పిల్లని తీసుకెళ్ళిన మధ్యాహ్నం నుంచి ఆ ఇంట్లో ఎవరి నోటా లాటిన్ మాట రాలేదు.

అంతకుముందు ఆ మాటలు లేనిదే ఆ ఇంట్లో పొద్దు గడిచేది కాదు. వీధివైపు గదిలో వకీలు ఆఫీసు, వెనక గదుల్లో సంసారం, రెంటికీ మధ్య ఒక కర్టెన్. కోర్టు మాటలు ఆ కర్టెన్ తప్పించుకుని వంటింట్లోకి వచ్చి కూర్చునేవి. గిన్నెలు కడగకుండా వదిలేస్తే అది స్టేటస్ కో, అంటే ఉన్నది ఉన్నట్టు. వెళదాం వెళదాం అంటూనే వెళ్ళని ప్రయాణం సైన్ డై, తేదీ చెప్పని వాయిదా. పెద్దాయన, అంటే వకీలు తండ్రి, తానూ ఒకప్పుడు నల్లకోటు తొడిగినవాడే. చేతులు వణకడం మొదలయ్యాక కోర్టు మానేశాడు. ఎవరైనా సలహాకొస్తే, "నేను ఫంక్టస్ అఫీషియోని నాయనా. పని ముగించుకున్నవాణ్ణి" అని నవ్వేసేవాడు.

ఇక పిల్ల పేరే కేవియట్. బళ్ళో వేరే పేరుంది గానీ ఇంట్లో ఆ పేరుతో పిలిస్తే పలికేది కాదు. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ దానిది ఒకటే గోల. "నాకు చెప్పకుండా ఎక్కడికీ వెళ్ళకండి. నన్నడక్కుండా ఏదీ చెయ్యకండి." అది విని పెద్దాయన పగలబడి నవ్వి, "ఇది పుట్టుకతోనే కేవియట్ వేసుకుని వచ్చిందిరా" అన్నాడు. జాగ్రత్తపడుగాక అని ఆ మాటకు అర్థం. నా మాట వినకుండా నా మీద ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే కోర్టులో వేసిపెట్టే అర్జీ.

అలాంటి పిల్ల మీద, దాన్ని ఒక్క మాట అడక్కుండా, ఉత్తర్వు వచ్చింది.

కోర్టు ఉత్తర్వులు అమలు చేసే అమీనా వచ్చేసరికి కేవియట్ బడి నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుతోంది. ఒకటి విప్పింది. రెండోది కాలికే ఉంది. అమీనా చేతిలో కాగితం. అమీనా వెనక పిల్లని కన్న తండ్రి, నేల చూపులు చూస్తూ.

వకీలు భార్య, పిల్లని పెంచిన పెద్దమ్మ, పాలగ్లాసు పట్టుకుని అప్పుడే కర్టెన్ తీసింది. పొద్దున కోర్టుకు వెళ్ళి వచ్చిన చీర కూడా ఆమె ఇంకా మార్చుకోలేదు. కేసు వాయిదా పడిందనుకుంది. "ఇంటికెళ్ళు, నేను చూసుకుంటాను" అని భర్త అంటే, ఆ మాట పట్టుకుని వచ్చేసింది.

పిల్లని తండ్రికి అప్పగించమన్న ఉత్తర్వు అమీనా చదివాడు. చదవడం తన ఉద్యోగం కాబట్టి చదివాడు. ఎవరి మొహమూ చూడలేదు.

"తాతయ్యా, నాకు నోటీసు రాలేదుగా. ఆర్డరెలా ఇస్తారు?" అంది పిల్ల.

ఏ మాటకు అర్థం అడిగినా, నోట్లో ముద్ద ఉంటే మింగేసి మరీ చెప్పే పెద్దాయన, ఆ ఒక్క ప్రశ్నకు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

పిల్ల విప్పిన బూటు మళ్ళీ తొడుక్కుంది. లేసు కట్టుకోవడం దానికి ఇంకా సరిగా రాదు. తండ్రి వంగబోతే కాలు వెనక్కి లాక్కుంది. పెద్దమ్మే కూర్చుని కట్టింది. ముడి గట్టిగా పడింది.

ఆ తర్వాత ఆమె మనసులో తిరుగుతూ ఉన్నది ఆ ముడే. అంత గట్టిగా ఎందుకు కట్టాను, అక్కడ ఎవరు విప్పుతారు, అని.

*

రెండు రోజులు పోయాక మరిది వచ్చాడు.

చెల్లెలి భర్త కాబట్టి వరసకు మరిది. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఎంత తోమినా గోళ్ళ సందుల్లో గ్రీజు పోదు. చెల్లెలు కాన్పులో పోయినప్పుడు ఈ గుమ్మంలోనే నిలబడి, "నాది ఊళ్ళు పట్టుకు తిరిగే పని. మీరే పెంచండి వదినా" అని, గుడ్డల్లో చుట్టిన బిడ్డని ఆమె చేతుల్లో పెట్టి వెళ్ళాడు. ఇప్పుడు తిరుగుడు తగ్గింది. ఒక పెద్ద భవనంలో నిలకడైన ఉద్యోగం దొరికింది. మళ్ళీ పెళ్ళయింది. నా బిడ్డ నాకు కావాలని దావా వేశాడు.

చెడ్డవాడైనా బాగుండేది. తిట్టుకోవడానికి వీలుండేది.

"బట్టలు తీసుకెళదామని వచ్చాను వదినా."

"లోపలికి రా."

"పర్లేదు. ఇక్కడే ఉంటాను."

"నీ ఇష్టం. బతిమాలి కూర్చోబెట్టే ఓపిక నాకూ లేదు."

ఆమె బీరువా తెరిచి, పిల్ల గౌన్లు ఒక్కొక్కటీ తీసి మంచం మీద మడతపెట్టసాగింది. ఇస్త్రీ చేసినవే. అయినా విప్పి మళ్ళీ మడతపెట్టింది. ఆఫీసు గదిలో వాలుకుర్చీలో పెద్దాయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పేజీ తిప్పిన చప్పుడు మాత్రం రాలేదు. వకీలు కోర్టుకు వెళ్ళాడు.

"తింటోందా?" గదిలోంచే అడిగింది.

"మా ఆవిడ పెడితే తినదు. నేను కలిపి పెడితే నాలుగు ముద్దలు తింటుంది."

"పడుకున్నాక కూడా దీపం ఉంచాలి. ఆర్పితే లేస్తుంది."

"తెలీదు వదినా."

"నీకెలా తెలుస్తుంది."

"దెప్పకండి."

"దెప్పడం కాదయ్యా, అప్పగింతలు చెబుతున్నాను. కోర్టువాళ్ళు పిల్లనిప్పించారు గానీ ఇవన్నీ కాగితం మీద రాసివ్వలేదుగా. ఎడమచేత్తో రాస్తుంది. మాన్పించాలని చూడకు. దగ్గొస్తే వేడినీళ్ళు తాగించు, మందు పోసెయ్యకు. ఇంకా..."

ఇంకా అంటే ఏడేళ్ళు. అది ఏ సంచిలో పెట్టి ఇస్తుంది?

గుమ్మంలో మరిది కాళ్ళు మార్చుకుని నిలబడ్డాడు. "మా లాయరు మీకేదో లేదన్నాడు వదినా. లోకస్ స్టాండై అట. కోర్టులో నాలుగైదు సార్లు అన్నాడు. అదేంటో నాకు తెలీలేదు. మీకు లేదంటే ఎలా ఒప్పుకోవాలో కూడా తెలీలేదు."

పిల్ల వెళ్ళాక ఆ ఇంట్లో వినబడిన మొదటి లాటిన్ మాట అది. అదీ ఒక మెకానిక్ నోటి నుంచి, కాలికి కొత్త చెప్పులాగా, ఇబ్బందిగా.

పేపరు కిందికి దిగింది. "నిలబడే చోటు" అన్నాడు పెద్దాయన.

"అంటే?"

"అంతే. కోర్టులో నిలబడి నాకిది కావాలని అడగాలంటే కాళ్ళ కింద కాస్త నేల ఉండాలి. తండ్రివి కాబట్టి నీకుంది. పెంచినదానికి ఉందో లేదో అది లోపలికెళ్ళి చెప్పుకోవాలి. చెప్పుకోవడానికే ఆ రోజు వెళ్ళింది."

"వెళ్ళి చెప్పుకోలేదు కదండీ."

గదిలో పెద్దమ్మ చేతులు ఆగిపోయాయి.

"నేను తప్పుగా అంటే క్షమించండి" అన్నాడు మరిది. "బంట్రోతు గుమ్మంలోకి వచ్చి వదిన పేరు మూడుసార్లు పిలిచాడు. నేను లోపలి నుంచి చూస్తూనే ఉన్నాను. తలుపు తెరిచే ఉంది. వదిన ఎదురుగా బెంచీ మీద ఉంది. ఒళ్ళో పాప స్కూలు ఫొటోల కవరు. మొదటి పిలుపుకి తలెత్తింది. రెండో పిలుపుకి లేవబోయి మళ్ళీ కూర్చుంది. మూడోదానికి తల దించుకుంది. అవతలి పక్షం రాలేదు సార్ అన్నాడు మా లాయరు. నాకు ఆగలేదు. వచ్చింది, అదిగో బయటే ఉంది అని చెప్పబోయాను. ఆయన నా చెయ్యి నొక్కేశాడు."

వీధిలో ఎవరో స్కూటరు తన్నుతున్నారు. అది అందుకోవట్లేదు.

"నేనేమనుకోవాలి వదినా? వదులుకున్నారనుకున్నాను. ఎవరి బిడ్డ వాళ్ళ దగ్గర ఉండడమే మంచిదని పెద్దమనసు చేసుకున్నారనుకున్నాను. ఇంటికెళ్ళాక దండం కూడా పెట్టుకున్నాను. పాప అడిగితే అదే చెప్పాను."

ఆమె సంచి పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఏం చెప్పావు?"

"పెద్దమ్మని పిలిచారు, పెద్దమ్మ లేవలేదు, అని."

"అదేమంది?"

"ఏమీ అనలేదు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అప్పటిదాకా గంటకోసారి పెద్దమ్మెప్పుడొస్తుంది అని ప్రాణం తీసేది. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు."

పెద్దమ్మ సంచి ఇచ్చేసింది. అతను తీసుకున్నాడు. బూట్ల లేసు సంగతి అడగాలనుకుంది. ఆ ముడి ఎవరు విప్పారో అడగాలనుకుంది. అడగలేదు.

*

నిజానికి ఆ రోజు ఆమె లేవాలనే అనుకుంది.

కోర్టు మెట్లెక్కేటప్పుడు భర్త చెప్పిన మాట ఇంకా చెవిలోనే ఉంది. "నేను వచ్చి పిలిచేదాకా బెంచీ మీంచి కదలకు. బంట్రోతు పేరు పిలిచినా లేవకు. వకీలు పక్కన లేకుండా నువ్వు లోపలికెళ్ళి నోరు తెరిచావంటే కేసు పోయినట్టే. అర్థమైందా?" అర్థమైందని తలూపింది. ఇరవై ఏళ్ళుగా కోర్టు విషయాల్లో ఆయన మాట ఆమెకు రాతిమీద రాత.

మొదటి పిలుపుకి వరండా చివరిదాకా చూసింది. నల్లకోట్లు వస్తున్నాయి, పోతున్నాయి. ఒక్కటీ ఆయనది కాదు. రెండో పిలుపుకి ఆమె కాళ్ళు వాటంతట అవే లేచాయి. ఆయన మాట గుర్తొచ్చి కూర్చుంది. మూడో పిలుపు పిలిచేటప్పుడు బంట్రోతు సరిగ్గా ఆమె కళ్ళలోకి చూశాడు. ఆమె రోజూ అర్జీలు పట్టుకొచ్చే మనిషే కాబట్టి ఎవరో అతనికి తెలుసు. ఏమ్మా, అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. ఆమె తల దించుకుంది.

అంతే. పిలిచింది మూడుసార్లు. పలకనందుకు పిల్ల పోయింది.

*

శనివారం సాయంత్రం వకీలు ఆఫీసు గదిలోకి వచ్చి, చేత్తో రాసిన రెండు పేజీలు ఆమె కంప్యూటర్ పక్కన పెట్టాడు. ఆ నాలుగు రోజుల్లో ఆయన చెంపలు లోపలికి పోయాయి. పిల్లని పోగొట్టుకున్నది ఆమె ఒక్కతే కాదు. బల్ల మీద కేవియట్ కొరికి పెట్టిన పెన్సిలు ఒకటుంటే, ఆయన దాన్ని కోటు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. అది ఆమె చూసింది. చూసీ చూడనట్టు ఊరుకుంది.

"టైపు చెయ్యి. సోమవారం పొద్దున్నే వేసేద్దాం. ఎక్స్ పార్టే ఆర్డరు కొట్టేయించడానికి."

అఫిడవిట్. ప్రమాణం చేసి చెప్పినది అని దానికి అర్థం. ఆమె పని అదే. భర్తవీ, ఆ వీధిలో మరి కొందరు వకీళ్ళవీ అర్జీలన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి. ప్రమాణపూర్వకంగా తెలియజేయునది ఏమనగా, అన్న మొదటి వరుసా, పై సంగతులన్నియు నాకు తెలిసినంతవరకు సత్యములు, అన్న చివరి వరుసా కళ్ళు మూసుకుని కొట్టగలదు. మధ్యలో ఎవరి అబద్ధాలు వాళ్ళవి. వాటి గురించి ఆమె ఎప్పుడూ నిద్ర పాడుచేసుకోలేదు.

మొదటి పేజీ సగం దాకా కొట్టి ఆగింది.

"'సదరు తేదీన తీవ్ర జ్వరముతో మంచము పట్టి యున్నందున.' ఎవరికండీ జ్వరం?"

"నీకే."

"ఎప్పుడొచ్చింది?"

"రాలేదు. రాసుకుంటాం. డాక్టరు చీటీ సంగతి నేను చూసుకుంటాను."

"నేను వరండాలో ఉన్నాను."

"వరండా కోర్టు కాదు. పిలిచినప్పుడు పలకనివాళ్ళు చట్టం లెక్కలో రానివాళ్ళే. ఒక పక్షమే ఉంది, రెండోది లేదు. ఎక్స్ పార్టే అంటే అదే."

"ఆ మాట కొట్టీ కొట్టీ నా వేళ్ళు అరిగాయి. నాకు అర్థం చెప్పక్కర్లేదు. మీరెక్కడున్నారు?"

"లైబ్రరీలో."

"కేసు పిలిచేవేళకి లైబ్రరీలో ఏం పని?"

"ఒక పాత తీర్పు చూస్తున్నాను."

"ఏ తీర్పు?"

వకీలు కలం మూత తీశాడు, పెట్టాడు. సాక్షుల్ని అడ్డంగా నిలువుగా కోసే మనిషి. ఇలాంటి ప్రశ్నకు తడుముకునే సాక్షిని చూస్తే ఆయనే నవ్వేవాడు.

వాలుకుర్చీలోంచి పెద్దాయన గొంతు వచ్చింది. "ఒరేయ్. ఆ ఉత్తర్వు ఇచ్చిన న్యాయమూర్తికి బదిలీ అయిందటగా. ఎప్పుడు వెళ్తున్నాడు?"

"వెళ్ళిపోయారు నాన్నా. సోమవారం కొత్తాయన కూర్చుంటాడు."

"బదిలీ కబురు నీకెప్పుడు తెలిసింది?"

వకీలు బల్ల మీది ఫైళ్ళు సర్దసాగాడు.

"కేసుకు ముందా, తర్వాతా?"

"నాన్నా, మీరు పడుకోండి."

"నేను పడుకుంటే నిజం పడుకోదురా. ఆ పాతాయన తండ్రుల పక్షం అని ఊరంతా తెలుసు. ఆయన ముందు వాదిస్తే ఓడిపోతావు. వాయిదా అడిగితే ఇవ్వడు. నువ్వు మొహం చాటేస్తే ఎక్స్ పార్టే అవుతుంది. తర్వాత కొత్తాయన దగ్గర దాన్ని కొట్టేయించుకుని మొదట్నుంచీ మొదలుపెట్టుకోవచ్చు. అవునా?"

పెద్దమ్మ కుర్చీ తిప్పి భర్త వైపు చూసింది. ఆయన కాదంటాడేమోనని చూసింది. కాదంటే నమ్మడానికి ఆ క్షణంలో ఆమె సిద్ధంగా ఉంది.

"అందరూ చేసేదే" అన్నాడు వకీలు. "పాతిక కేసుల్లో చేశాను. ఒక్కటీ బెడిసికొట్టలేదు."

"అవన్నీ పొలం కేసులురా" అన్నాడు పెద్దాయన. "డిక్రీ వచ్చిన మధ్యాహ్నం పొలం లేచి ఎక్కడికీ నడిచిపోదు. నువ్వు తీరిగ్గా అర్జీ వేసుకునేదాకా అక్కడే పడుంటుంది. పిల్లకి కాళ్ళుంటాయి. బూట్లుంటాయి."

"అదే రోజు అమీనాని పట్టుకొస్తారని నేననుకోలేదు. ఆర్డరు నకలు రావడానికే వారం పడుతుంది మామూలుగా."

"మామూలుగా" అంది పెద్దమ్మ.

ఆ ఒక్క మాటే అంది. కంప్యూటర్ తెర మీద జ్వరము దగ్గర గీత మిణుకుతూ ఉంది.

"నాకెందుకు చెప్పలేదు?" చివరికి అడిగింది.

"చెబితే ఊరుకునేదానివా? పేరు పిలవగానే లోపలికి పరిగెత్తేదానివి."

"మరి ఇంట్లోనే ఉండమనాల్సింది."

"ఉండమంటే ఎందుకని అడుగుతావు. నీ మొహం అద్దంలాంటిది, మనసులో ఉన్నదంతా బయటికి కనిపిస్తుంది. నటించడం నీకు రాదు. అందుకని..."

"అందుకని బెంచీ మీద కూర్చోబెట్టారు. కాళ్ళు కట్టేసి."

"పిల్ల కోసమే చేశాను. నాకు మాత్రం అది ఏమీ కాదా?" జేబులో పెన్సిలు ఉన్నచోట చెయ్యి పెట్టుకున్నాడు. అది ఛాతీ మీద చెయ్యి వేసుకున్నట్టే ఉంది. "అయిందేదో అయింది. నన్ను తర్వాత ఎన్నైనా అను. ముందు ఇది టైపు చేసి సంతకం పెట్టు. జ్వరం అంటే కోర్టు ఒక్క నిమిషంలో ఒప్పుకుంటుంది. పిల్ల వెనక్కి వస్తుంది."

"బంట్రోతు నన్ను చూశాడు."

"బంట్రోతు సంగతి నాకొదిలెయ్."

"మరిది చూశాడు. నేను ఏ పిలుపుకి తలెత్తానో, ఏ పిలుపుకి దించానో పూసగుచ్చినట్టు చెప్పాడు."

వకీలు తండ్రి వైపు చూశాడు. పెద్దాయన తలూపాడు.

"చూస్తే చూశాడు. అతను ఉందంటాడు, మనం లేదంటాం. చీటీ మన దగ్గర ఉంటుంది."

"సరే. కోర్టు నమ్మింది అనుకోండి. పిల్ల వచ్చింది. వచ్చి నన్నడుగుతుంది. పిలిస్తే ఎందుకు లేవలేదు పెద్దమ్మా అని అడుగుతుంది. జ్వరమని చెప్పనా? ఆ పొద్దున దాని జడ నేనే వేశానండీ. బడి బస్సు దాకా నేనే చెయ్యి పట్టుకుని వెళ్ళాను. దాని చెయ్యి నా చేతిలో ఉంది. నాకు జ్వరం లేదని మీ కోర్టుకు తెలియకపోవచ్చు, దానికి తెలుసు."

వకీలు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఎదురుగా వాదించేవాళ్ళ నుంచి మొహం తిప్పుకోవడం ఆయనకు అలవాటు లేని పని.

"నిజం రాస్తే ఏమవుతుందో నీకు తెలుసా?" వీధిని చూస్తూ అన్నాడు. "సొంత కక్షిదారుని కావాలని కోర్టుకు దూరంగా ఉంచిన వకీలు. వకీలు పని చేసుకునే సన్నదు లాగేస్తారు. బోర్డు దించాలి. ఈ గదికి తాళం పడుతుంది. అప్పుడు పిల్లని తెచ్చుకుని దేంతో పెంచుతావు?"

"అర్జీలు కొడతాను. ఇప్పుడూ అదే చేస్తున్నాను."

"నాన్నా, మీరైనా చెప్పండి."

"నన్నడక్కు" అన్నాడు పెద్దాయన. "కొడుకు సన్నదు ఒక చేతిలో, మనవరాలు ఒక చేతిలో పెట్టి ఏది కావాలని అడిగితే నేనేం చెప్తాను. నా పని అయిపోయింది."

ఆ మాట లాటిన్‌లో అనలేదు.

*

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, అంటే పళ్ళాల ముందు కూర్చుని లేచాక, పెద్దమ్మ కొత్త కాగితం తెరిచింది. మొదటి వరుస వేళ్ళే కొట్టేశాయి. తర్వాత వేళ్ళు ఆగాయి. ఇన్నేళ్ళలో ఎవరెవరి మాటలో కొట్టింది గానీ, సొంత మాట ఎలా కొట్టాలో ఆమెకు తెలియదు. చివరికి గ్రాంథికం వదిలేసి, పిల్లకి చెప్పినట్టు రాసుకుంది.

ఆ రోజు నేను కోర్టుకు వచ్చాను. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. నా పేరు మూడుసార్లు పిలిచారు. మూడూ విన్నాను. లేవవద్దని నా వకీలు చెప్పినందువల్ల లేవలేదు. పిల్ల వద్దని కాదు.

చివరి మాట దగ్గర కాసేపు ఆగింది. కోర్టుకు ఆ మాట అక్కర్లేదు. తీసెయ్యమని ఏ వకీలైనా చెబుతాడు. తీయలేదు.

కాగితాలు పట్టుకుని ఎదురింటికి వెళ్ళింది. ఆ ఇంటి లాయరమ్మకి కూడా ఆమే టైపు చేసిపెడుతుంది. లాయరమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఒకసారి చదివి, మళ్ళీ మొదటికి వచ్చింది.

"ఇది ఎవరు రాశారండీ?"

"నేనే."

"బాగా ఆలోచించుకున్నారా? మీ ఆయన పేరు మీద బురద పడుతుంది. కడిగినా పోదు."

"నాకు ఇంకో రకంగా రాయడం రావట్లేదమ్మా."

"ప్రమాణం, సంతకం నేను ఇప్పుడే చేయిస్తాను, పక్క వీధి నోటరీగారు ఇంట్లోనే ఉన్నారు. కానీ దీన్ని కోర్టులో నేను వెయ్యలేను. మీ కేసులో వకాల్తా ఆయనది. ఆయన వకాల్తా ఉన్నంతసేపు నేను మీ తరఫున నోరు తెరవకూడదు. వేరేవాళ్ళు నడిపితే నాకు అభ్యంతరం లేదు అని ఆయన రాసి సంతకం పెట్టాలి." లాయరమ్మ కళ్ళజోడు తీసి, "పెడతారా?" అంది.

ఆ కాగితం కూడా తానే కొట్టుకుంటానంది పెద్దమ్మ.

ఇంటికి వచ్చేసరికి వకీలు ఆఫీసు గదిలో ఒక్కడే ఉన్నాడు. ఆయన ముందు రెండు కాగితాలూ పెట్టింది. ఒకటి ఆమె ప్రమాణం. సంతకం పడింది, నోటరీ ముద్ర పడింది. రెండోది, అభ్యంతరం లేదన్న ఒకే ఒక్క వాక్యం. కింద చోటు ఖాళీగా ఉంది.

ఆయన మొదటిది చదివాడు. పెదవులు కదులుతున్నాయి. పిల్ల వద్దని కాదు, అన్నచోట పెదవులు ఆగాయి.

"ఈ వాక్యం అక్కర్లేదు" అన్నాడు అలవాటు కొద్దీ.

"నాకు తెలుసు."

"దీనివల్ల పిల్ల వస్తుందని నమ్మకం ఏమీ లేదు. తెలుసా? నిజం చెప్పినంత మాత్రాన కోర్టు మెచ్చుకుని బహుమతి ఇవ్వదు. సన్నదూ పోయి, పిల్లా రాకపోతే?"

"రాకపోతే రాదు. నేను లేవనందుకు కారణం ఎక్కడో ఒకచోట రాసి ఉంటుంది. పెద్దయ్యాక వెతుక్కుని చదువుకుంటుంది. చదవడం మీరే నేర్పారుగా."

వకీలు కలం తీశాడు. మూత తీశాడు. ఖాళీ చోటు మీద చెయ్యి ఆనించాడు. కర్టెన్ అవతల పెద్దాయన దగ్గు మధ్యలో ఆపుకున్నాడు.

"కొంచెం నీళ్ళు తెచ్చిపెట్టు" అన్నాడు వకీలు.

ఆమె వెళ్ళి నీళ్ళు తెచ్చింది. వచ్చేసరికి కుర్చీ ఖాళీ. వీధి తలుపు తెరిచి ఉంది. కొక్కేనికి కోటు లేదు. కాగితాలు రెండూ ఎక్కడ పెట్టినవి అక్కడే ఉన్నాయి, వాటి మీద మూత లేని కలం, కలం పక్కన కొరికిన పెన్సిలు.

గ్లాసు బల్ల మీద పెట్టి, కలానికి మూత పెట్టింది. ఆరిపోతుందని.

సోమవారం కొత్త న్యాయమూర్తి కూర్చుంటాడు. ఆమె సంతకం అయింది. ఆయన సంతకం కాలేదు.